కొత్త కారుకు హై మైలేజ్ ఆయిల్ పోయొచ్చా? డబ్బా చదివి తేల్చుకోవడం ఎలా

పోయిన వేసవిలో ఒక రాత్రి మా బావ ఫోన్ చేశాడు. ఆయనది అనంతపురం. కారు కొని అప్పటికి ఏడు నెలలు. "బామ్మర్దీ, ఆన్‌లైన్‌లో ఒక ఆయిల్ తెప్పిచ్చినా. ఫుల్ సింథటిక్, పైన హై మైలేజ్ అని పెద్దక్షరాల్లో రాసుంది. చానా రేటు. ఇది పోస్తే లీటరుకు ఒకటో రెండో పెరుగుతాది గదా?" అన్నాడు.

పోయమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. డబ్బా వెనక వైపు ఫోటో తీసి పంపమన్నాను. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఇంజిన్ ఆయిల్ గురించి ఉన్న పేజీ ఫోటో కూడా అడిగాను. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే జవాబు దొరికింది. కొత్త కారు ఉన్నవాళ్లు ఎవరైనా ఈ పని సొంతంగా చేసుకోవచ్చు, పావుగంట చాలు. ఎలాగో వరుసగా చెప్తాను.

ముందు ఆ మాట అర్థం తెలుసుకోండి

మన దగ్గర మైలేజ్ అంటే ఒకటే, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. బండి కొనేటప్పుడు అందరూ మొదట అడిగేది అదే. డబ్బా మీద ఉన్న మైలేజ్ అది కాదు. అమెరికాలో కారు ఇప్పటిదాకా ఎన్ని మైళ్లు తిరిగిందో దాన్ని మైలేజ్ అంటారు. హై మైలేజ్ కారు అంటే బాగా తిరిగిన పాత కారు. 75,000 మైళ్లు, మన లెక్కలో సుమారు 1,20,000 కిలోమీటర్లు దాటిన ఇంజిన్ల కోసం చేసిన ఆయిల్ ఇది. 2000లో వాల్వోలిన్ కంపెనీ మ్యాక్స్‌లైఫ్ పేరుతో అక్కడ ఈ రకాన్ని తెచ్చింది. తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ మొదలుపెట్టాయి.

కాబట్టి ఈ ఆయిల్ పోస్తే పెట్రోలు ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెప్తే, వాళ్లు పేరు చూసి పొరబడ్డారన్నమాట. ఈ రకం ఆయిల్ తన గ్రేడులో, అంటే చిక్కదనాన్ని బట్టి ఇచ్చే నంబరులో, కాస్త చిక్కగానే ఉంటుంది. పల్చని ఆయిల్ కోసం తయారైన ఇంజిన్‌లో చిక్కని ఆయిల్ పోస్తే లీటరుకు వచ్చే కిలోమీటర్లు కొద్దిగా తగ్గే అవకాశమే ఎక్కువ.

మరి ఇందులో ప్రత్యేకంగా ఏముంటుంది? ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్‌కు ముందూ వెనకా, వాల్వుల దగ్గర, ట్యాపెట్ కవరు చుట్టూ రబ్బరు సీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి కాగి అవి గట్టిపడతాయి, కుంచించుకుపోతాయి. అక్కడ ఆయిల్ చెమ్మగా ఊరుతుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంటుంది. హై మైలేజ్ ఆయిల్‌లో ఆ సీళ్లను మెత్తబరిచి కొద్దిగా ఉబ్బేలా చేసే రసాయనాలు కలుపుతారు. దాంతోపాటు మడ్డిని కడిగే డిటర్జెంట్లు, అరుగుదలను తగ్గించే పదార్థాలు కాస్త ఎక్కువ పాళ్లలో వేస్తారు. చిక్కదనం కూడా గ్రేడు పై అంచు వైపు ఉంచుతారు. 30 గ్రేడు ఆయిల్ అంటే 100 డిగ్రీల వేడి దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే లెక్క) లోపు ఎక్కడైనా ఉండొచ్చు. మామూలు ఆయిల్ కింది వైపు ఉంటే, ఇది పై వైపు ఉంటుంది.

కొత్త ఇంజిన్‌కు ఇందులో అక్కరకొచ్చేది దాదాపు ఏమీ లేదు. సీళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి, మడ్డి పేరుకోలేదు, సందులు పెరగలేదు. అలాగని విషమూ కాదు. కొత్త సీళ్లు ఉబ్బి పాడైపోతాయన్న భయం చాలామందికి ఉంది. నేటి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణాల్లో ఆ ఆయిల్ సీళ్ల రబ్బరుతో ఎలా ఉంటుందో చూసే పరీక్ష కూడా ఒకటి. ఆ పరీక్ష దాటిన ఆయిల్‌తో కొత్త సీళ్లకు ఇబ్బంది రాదు. అసలు ప్రమాదం గ్రేడు తప్పినప్పుడు, ప్రమాణం తప్పినప్పుడు వస్తుంది. అందుకే మా బావను డబ్బా ముందు వైపు కాకుండా వెనక వైపు ఫోటో అడిగాను.

కారు పుస్తకం తీయండి

డ్యాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్స్ కాగితాల కింద ఉంటుంది. మనలో చాలామంది దాన్ని ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంచేస్తారు. చివరి పేజీల్లో స్పెసిఫికేషన్లు అన్న భాగం చూడండి. పుస్తకం పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైటులో మీ మోడల్, సంవత్సరం చూసి దించుకోవచ్చు. అందులో మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి.

ఒకటి గ్రేడు. 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటిది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో, వెనకున్న అంకె వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. ఈ మధ్య వచ్చే పెట్రోలు కార్లలో చాలావాటికి మొదటి రెండిట్లో ఏదో ఒకటి ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏ గ్రేడు వాడొచ్చో చిన్న పట్టీ ఇస్తారు. అది ఉంటే ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, చాలా పనికొస్తుంది.

రెండోది ప్రమాణం. ఆయిల్ ఏ పరీక్షలు దాటిందో చెప్పే పేరు ఇది. ఏపీఐ ఎస్‌ఎన్, ఏపీఐ ఎస్‌పీ, ఇల్సాక్ జీఎఫ్-6, యూరప్ కార్ల కంపెనీల సంఘం ఇచ్చే ఏసీఈఏ సీ2, సీ3 వంటివి. యూరప్ కంపెనీల కార్లకైతే ఆ కంపెనీ సొంత అప్రూవల్ నంబరు కూడా ఉంటుంది. అది ఉంటే దాన్ని వదలకండి.

మూడోది ఎన్ని లీటర్లు పడుతుందన్నది. ఫిల్టరు మారిస్తే ఒక లెక్క, మార్చకపోతే ఒక లెక్క ఇస్తారు. అమెరికా నుంచి తెప్పించిన డబ్బాలు క్వార్టుల్లో ఉంటాయి. ఒక క్వార్టు 946 మిల్లీలీటర్లు. ఐదు క్వార్టుల డబ్బా అంటే ఐదు లీటర్లు కాదు, సుమారు 4.73 లీటర్లు.

డబ్బా వెనక చదవండి

ముందు వైపు ఉండే అల్ట్రా, ప్లాటినం, హై మైలేజ్ వంటి మాటలను పక్కన పెట్టండి. వెనక వైపు బొంగరమంత గుండ్రటి ముద్ర ఒకటి కనిపిస్తుంది, రెండు వలయాలతో. అది ఏపీఐ ముద్ర. బయటి వలయం పై భాగంలో ఎస్‌పీ అనో ఎస్‌ఎన్ అనో ఉంటుంది, నడుమ గ్రేడు ఉంటుంది. ఎస్‌పీ 2020లో వచ్చింది. ఎస్‌క్యూ 2025లో వచ్చింది. పెట్రోలు ఆయిళ్లలో కొత్త అక్షరం పాతదానికి బదులుగా చెల్లుతుంది. మీ పుస్తకంలో ఎస్‌ఎన్ ఉండి డబ్బా మీద ఎస్‌పీ ఉంటే నిశ్చింతగా పోయొచ్చు. పుస్తకంలో ఎస్‌పీ ఉండి డబ్బా మీద ఎస్‌ఎన్ ఉంటే మాత్రం వద్దు.

ఎందుకు వద్దో టర్బో పెట్రోలు కారు ఉన్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. చిన్న టర్బో ఇంజిన్లలో, ముఖ్యంగా పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే వాటిలో, తక్కువ ఆర్‌పీఎం మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే మంట అంటుకునే జబ్బు ఒకటుంది. దాన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. పిస్టన్ పగిలేంత దెబ్బ పడొచ్చు. ఆయిల్‌లో క్యాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఈ జబ్బు పెరుగుతుందని, కొంత మెగ్నీషియం రకానికి మారిస్తే తగ్గుతుందని తేలింది. ఎస్‌పీ ప్రమాణంలో దీనికి పరీక్ష పెట్టారు, టైమింగ్ చైన్ అరుగుదలకు కూడా పెట్టారు. డిటర్జెంట్లు దండిగా ఉన్న పాత ప్రమాణపు హై మైలేజ్ ఆయిల్‌ను కొత్త టర్బోలో పోస్తే, ఆ రక్షణ లేకుండా బండి నడుపుతున్నట్టే.

బీఎస్6 (పొగ కాలుష్య నియమం) డీజిల్ కారైతే ఇంకా కచ్చితంగా ఉండాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆయిల్ కాలితే మిగిలే బూడిద అందులో పేరుకుంటుంది. మసిని కాల్చి శుభ్రం చేయొచ్చు గానీ బూడిదను కాల్చలేం. అందుకే వీటికి తక్కువ బూడిద ఆయిలే వాడాలి. ఏసీఈఏ సీ3 రకంలో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆ బూడిద, 0.8 శాతం మించకూడదు. పెట్రోలు కార్ల కోసం చేసిన హై మైలేజ్ డబ్బా ఎంత ఖరీదైనదైనా ఈ కారుకు పనికిరాదు. డీపీఎఫ్ మార్చాలంటే అయ్యే ఖర్చు ఎన్నో ఏళ్ల ఆయిల్ ఖర్చుకు సమానం.

ఇంకొక్క సంగతి. లైసెన్స్ ఉందని, అప్రూవల్ ఉందని రాయడం వేరు. ఫలానా ప్రమాణానికి తగినది, ఫలానా కార్లకు సిఫారసు చేస్తున్నాం అని రాయడం వేరు. మొదటిది వేరొకరు పరీక్షించి ఇచ్చిన మాట. రెండోది ఆయిల్ అమ్మేవాళ్లు తమంతట తామే చెప్పుకునే మాట. వారంటీ ఉన్నన్నాళ్లూ మొదటి రకం డబ్బానే కొనండి.

మా బావ కారు పుస్తకంలో 0డబ్ల్యూ-20, ఏపీఐ ఎస్‌పీ అని ఉంది. ఆయన తెప్పించిన డబ్బా 10డబ్ల్యూ-40, ఏపీఐ ఎస్‌ఎన్. రెండూ తప్పాయి. అదే డబ్బా 0డబ్ల్యూ-20, ఎస్‌పీ అయి ఉంటే, "డబ్బు దండగ గానీ పోస్తే పోసుకో బావా" అనేవాణ్ని.

మన ఎండలకు చిక్కని ఆయిల్ కావాలి కదా?

కర్నూలు, కడప, అనంతపురం ఎక్కడికి పోయినా మెకానిక్ షాపులో ఈ మాట వింటారు. "అన్నా, ఈడ ఎండలకు ఆ నీళ్లలాంటి ఆయిల్ ఆగదు. 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ గట్టిగా ఉంటాది." చెప్పేవాళ్లు మోసం చేయాలని చెప్పరు. పాత జీపులు, అంబాసిడర్లు, ట్రాక్టర్లు విప్పి బిగించిన చేతులవి. వాటికి ఆ మాట సరిపోయింది కూడా.

నీళ్లతో చల్లబడే ఇంజిన్ సంగతి వేరు. బయట 25 డిగ్రీలున్నా 43 ఉన్నా, కూలెంటును థర్మోస్టాట్ ఇంచుమించు 90 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. ఆయిల్ సుమారు 100 డిగ్రీల చుట్టుపక్కల పని చేస్తుంది. అంటే ఇంజిన్ లోపలి వేడి మీద మన మే నెల ఎండ ప్రభావం మనం అనుకున్నంత ఉండదు. రేడియేటరు శుభ్రంగా, ఫ్యాను బాగుంటే చాలు.

అసలు అరుగుదల ఎక్కువ జరిగేది పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో. రాత్రంతా ఆయిల్ కిందికి జారి ఇంజిన్ అడుగున ఉండే చాంబర్‌లో ఉంటుంది. అది పైకెక్కి క్యామ్‌షాఫ్ట్ దాకా చేరాలి. ఆయిల్ చిక్కదనాన్ని ల్యాబుల్లో 40 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆ 40 డిగ్రీలంటే మన మే నెల మధ్యాహ్నమే. ఆ వేడిలో కూడా 0డబ్ల్యూ-20 ఆయిల్, 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే సుమారు ఐదు రెట్లు చిక్కగా ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే అదే 40 డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 కంటే మూడు రెట్లకు పైగా చిక్కన. మనకు మంటలా అనిపించే పూట కూడా ఇంజిన్ ఆయిల్‌కు చల్లటి పూటే. నేటి ఇంజిన్లలో వాల్వుల టైమింగ్‌ను మార్చే భాగాలు ఆయిల్ ఒత్తిడితోనే కదులుతాయి, వాటి దారులు సన్నగా ఉంటాయి. చిక్కని ఆయిల్ వాటిలో ఆలస్యంగా కదులుతుంది.

ఇది నాకు అనుభవంలోకి వచ్చింది. నా పాత కారుకు ఒక షాపులో డ్రమ్ములోంచి తీసిన లూజు ఆయిల్ పోశారు. గ్రేడు ఏంటని అడగకపోవడం నా పొరపాటే. మర్నాడు పొద్దున తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు ట్యాపెట్ల చప్పుడు టకటకమని వచ్చింది. వారం ఓపిక పట్టి, సరైన గ్రేడు సీలు డబ్బా తెచ్చి మార్పించాక ఆ చప్పుడు పోయింది. ఆ రోజు నుంచి నా కళ్లముందు సీలు తీయని ఆయిల్ ఏ బండికీ పోయనివ్వలేదు.

మీ పుస్తకంలోని పట్టీ 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30ని కూడా ఒప్పుకుంటే, వేసవిలో నిండా మనుషులతో, లగేజీతో ఎన్‌హెచ్ 44 మీద బెంగళూరు దాకా పోయేవాళ్లు 5డబ్ల్యూ-30 ఎంచుకోవచ్చు. అది పుస్తకం ఇచ్చిన అనుమతి. అది లేకుండా సొంతంగా గ్రేడు పెంచకండి.

కొత్త కారుకు మొదటి ఏడాది చేయాల్సింది

ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్‌ను త్వరగా తీసేసి ఖరీదైన సింథటిక్ పోస్తే మంచిదని కొందరు వందల కిలోమీటర్లకే మార్పిస్తారు. పుస్తకం చెప్పకపోతే ఆ తొందర వద్దు. కారు పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారైనా, వేరే రాష్ట్రం నుంచి రైలెక్కి వచ్చినా, అందులో ఆ ఇంజిన్‌కు తగ్గ ఆయిలే ఉంటుంది. మొదటి 1,000 కిలోమీటర్లు మీరు చేయాల్సింది వేరు. హైవే ఎక్కి ఒకే వేగంతో గంటలకొద్దీ పోకండి. పెంచుతూ తగ్గిస్తూ పోండి. యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కకండి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు సరిగ్గా కుదురుకునే సమయం అది.

ఆ ఏడాదిలో రెండు వారాలకోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడటం అలవాటు చేసుకోండి. బండి చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపాక ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి, నూలు గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి పెట్టి తీయండి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా ఒక లీటరు లోపే. కాబట్టి తక్కువైతే పావు లీటరు చొప్పున పోస్తూ చూసుకోవాలి, ఒకేసారి కుమ్మరించకూడదు. పై గీత దాటితే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, అదీ నష్టమే.

డీజిల్ కారులో ఆయిల్ తగ్గడమే కాదు, పెరగడం కూడా గమనించాలి. అనంతపురంలో క్లాక్ టవర్ నుంచి కమలానగర్ దాకా, పిల్లల స్కూలు దాకా చిన్న చిన్న తిరుగుళ్లే ఉంటే డీపీఎఫ్ శుభ్రపడే పని మధ్యలో ఆగిపోతుంటుంది. దానికోసం చిమ్మిన డీజిల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ పై గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్లు కాకపోయినా ఆయిల్ మార్పించండి. పదిహేను రోజులకోసారి హైవే మీద అరగంట ఆపకుండా నడిపితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

దుమ్ము సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. మన ప్రాంతంలో ఇంజిన్‌కు ఎండ కంటే దుమ్ము పెద్ద శత్రువు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఏటి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి, గాలి లేస్తే రోడ్డు కనపడదు. తాడిపత్రిలో బండలు కోసే యూనిట్ల మధ్య పోతే ఒక్క పూటకే కారు తెల్లబడుతుంది. ఆ పొడి ఎయిర్ ఫిల్టరు దాటి ఇంజిన్‌లోకి చేరిందంటే సిలిండర్ గోడను గీకుతుంది, దాన్ని ఏ ఆయిలూ ఆపలేదు. కాబట్టి ఖరీదైన ఆయిల్‌కు పెట్టే అదనపు డబ్బు ఎయిర్ ఫిల్టరుకు పెట్టండి. సర్వీసు తేదీ కోసం చూడకుండా మధ్యలో ఒకసారి బాక్సు తెరిచి చూడండి, మూత క్లిప్పులు సరిగ్గా పడ్డాయో లేదో కూడా చూడండి. కంప్రెసర్ గాలిని ఫిల్టరుకు దగ్గరగా పెట్టి కొట్టిస్తే కాగితం చిల్లులు పడుతుంది. నల్లబడితే మార్చేయడమే.

చాలా కంపెనీల పుస్తకాల్లో కఠిన పరిస్థితులకు విడిగా ఒక సర్వీసు పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, చిన్న దూరాలు, విపరీతమైన ఎండ ఇవన్నీ దాని కిందికే వస్తాయి. మామూలు పట్టికలో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది ఉంటే, దీనిలో తరచూ సగమే ఉంటుంది. మండలాలు, పల్లెలు తిరిగే బండి అయితే ఈ రెండో పట్టికే మీది. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆ పేజీ చూపించి అడగండి.

ఇప్పటికే పోసేసి ఉంటే

టెన్షన్ పడకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి.

గ్రేడు పుస్తకంలో ఉన్నదేనా? ప్రమాణం పుస్తకంలో ఉన్నదో, దానికంటే కొత్తదో అయిందా? డీజిల్ అయితే తక్కువ బూడిద రకమేనా? అన్నిటికీ అవును అంటే ఏమీ చేయనక్కర్లేదు. తర్వాతి సర్వీసు దాకా నడపండి, అప్పుడు మామూలు ఆయిల్‌కు మారండి. ఇంజిన్ లోపల కడిగే ఫ్లష్ లాంటివి అక్కర్లేదు. ఒకే గ్రేడు, ఒకే ప్రమాణం ఉన్న రెండు ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలిసినా నష్టం ఉండదు.

గ్రేడు ఒక మెట్టు మాత్రమే తేడా ఉంటే, అంటే 0డబ్ల్యూ-20 బదులు 5డబ్ల్యూ-30 పడి ఉంటే, ఇంజిన్ వెంటనే పాడవదు. అయినా వారంటీ బండి కాబట్టి తర్వాతి సర్వీసును గడువుకు కాస్త ముందే చేయించుకుని మార్పించడం నయం. 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 పడి ఉంటే, డీపీఎఫ్ ఉన్న డీజిల్‌లో పెట్రోలు ఆయిల్ పడి ఉంటే, టర్బో బండిలో పాత ప్రమాణం పడి ఉంటే ఆ వారంలోనే తీయించేయండి. ఫిల్టరు కూడా మార్చండి. దాంట్లో పాత ఆయిల్ నిలిచి ఉంటుంది.

వారంటీ ఉన్నంతకాలం ఆయిల్ మార్పు కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయించడం నా సలహా. అక్కడ కూడా జాబ్ కార్డు మీద, బిల్లు మీద ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు అన్నది రాయించుకోండి. ఇంజిన్ ఆయిల్ అని ఒక్క మాట రాస్తే ఒప్పుకోకండి. రేపు ఇంజిన్‌కు ఏదైనా వస్తే మీ చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.

కొనేటప్పుడు

నకిలీ డబ్బాలు ఉన్నాయి, మన ఊళ్లలోనూ దొరుకుతాయి. పాత డబ్బాలు సేకరించి వాటిలో వాడేసిన ఆయిల్‌ను వడకట్టి నింపుతారు. మూత రింగు తెగి ఉంటే, మూత కింది వెండి రేకు అతుకు వంకరగా ఉంటే, డబ్బా మీది బ్యాచ్ నంబరు చేత్తో రుద్దితే చెరిగిపోతుంటే తిప్పి ఇచ్చేయండి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. కంపెనీ డీలరు దగ్గరే కొనండి, బిల్లు తీసుకోండి. ఖాళీ డబ్బాను షాపులోనే వదిలి రావద్దు. మూత కోసి, డబ్బాకు కత్తితో గాటు పెట్టి పడేస్తే అది మళ్లీ నిండి ఇంకొకరి బండిలోకి పోదు.

తీసిన ఆయిల్‌ను కాలువలో, పెరట్లో పోయకండి. ఎడ్లబండి ఇరుసుకు, చెదలు పట్టకుండా గుంజలకు పూయడం మన పల్లెల్లో పాత అలవాటు. ఇంజిన్‌లో కాగిన ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలు ఉంటాయి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోండి, వంటికి పూసుకోకండి, బావి దరిదాపుల్లో వాడకండి. మూత ఉన్న డబ్బాలో పోసి సర్వీస్ సెంటర్‌కో, వాడిన ఆయిల్ తీసుకునే మెకానిక్ షాపుకో ఇచ్చేయండి.

మరి ఈ ఆయిల్ ఎవరికి?

మా బావ డబ్బా వృథా కాలేదు. తాడిపత్రిలో మా మామగారికి పదమూడేళ్ల పెట్రోలు కారు ఉంది. 1,60,000 కిలోమీటర్లు దాటింది. దాని పుస్తకంలో 10డబ్ల్యూ-40 కూడా ఒక గ్రేడుగా ఉంది, ప్రమాణం ఎస్‌ఎన్ కంటే పాతది. ట్యాపెట్ కవరు చుట్టూ చెమ్మ, నెలకు పావు లీటరు దాకా ఆయిల్ తగ్గుదల. ఆ డబ్బా అలాంటి బండి కోసమే చేసింది. పోశాం. ఇలాంటి ఆయిల్ ఒక్క రోజులో పని చేయదు, సీళ్లు మెత్తబడటానికి కొన్ని వందల కిలోమీటర్లు తిరగాలి. రెండు నెలలకు చెమ్మ తగ్గింది, పోసే ఆయిల్ కూడా తగ్గింది.

అయితే చినిగిన సీలును ఇది కుట్టలేదు. కారు కింద చుక్కలు చుక్కలుగా పడుతుంటే సీలు మార్చాల్సిందే. సిలిండర్ బోరు అరిగి నీలి పొగ కొడుతుంటే ఏ డబ్బా పోసినా ఆగదు, ఇంజిన్ విప్పక తప్పదు. మామగారి కారులో ఈ రెండూ లేవని లిఫ్ట్ ఎక్కించి కింద చూసి, పొగ చూసి, అప్పుడే పోశాం.

మీ కొత్త కారుకు ఆ దశ రావడానికి ఏళ్లు పడుతుంది. మీటరు 1,20,000 దాటాక, చెమ్మ కనిపించినప్పుడు, మళ్లీ అదే పుస్తకం తీసి గ్రేడు చూసుకుని, అదే గ్రేడులో హై మైలేజ్ డబ్బా కొనండి. మా బావ ఇప్పుడు 0డబ్ల్యూ-20, ఎస్‌పీ మామూలు సింథటిక్ పోయిస్తున్నాడు. వేసవిలో ఎయిర్ ఫిల్టరు రెండుసార్లు చూస్తున్నాడు. లీటరుకు ఎంత వస్తోందని మొన్న అడిగితే, "టైర్లలో గాలి సరిగా పెట్టిచ్చినాంక ఒకటి పెరిగింది బామ్మర్దీ" అన్నాడు.